చల్లారిన నిప్పుమీద నడక

వానకాలమున నల్లరేగడి చేనిలో నడచినవారికి ఒక అనుభవము తప్పదు. నాలుగడుగులు వేయులోపుగనే చెప్పులకు శేరెడేసి మట్టి అంటుకొని కాలు కదలనీయదు. వేసవి వచ్చినచో అదే చేను చేయి దూరునంతగా నెర్రెలు విచ్చును. ఈ మన్ను ఎక్కడిది? దీని పుట్టుక ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై మొన్నటి సంక్రాంతి సెలవులలో మా యింటివారమందరమును, అనగా మా అమ్మ, నా భార్య, పిల్లలిద్దరు, నేను, రెండు దినములు కాలినడకన తిరిగి వచ్చితిమి.

మొదటి దినము కొండకల్ వద్ద నడక ప్రారంభించితిమి. హైదరాబాదునకు పడమర, శంకర్‌పల్లికి సమీపమున నున్న గ్రామమిది. పేరు వినగనే కొండయు, కల్లును చెవికి సోకును. సన్నికల్లు అన్నప్పుడు కల్లనగా రాయియే కదా! హైదరాబాదు పరిసరములలో ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియుండు గుండ్లను చూడనివారుండరు. ఆ గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అది చివికి ఏర్పడినదే మన ఎర్రచెల్క నేల.

శంకర్‌పల్లి, చేవెళ్ళల వైపునుండి పడమటికి పోవుకొలది చెల్కలు తగ్గి రేగళ్ళు పెరుగును. ఈ మార్పును నాకంటె ముందు మా అమ్మ కనిపెట్టినది. ఒక గట్టుమీద ఆగి, గుప్పెడు మట్టి తీసి నలిపి, "నేల మారింది బిడ్డా. ఇక్కడ శనగ వేస్తే మంచుకే పండుతది" అన్నది. ఆమె శాస్త్రము చదువలేదు. కాని భూగర్భవేత్తలు పటముపై గీసిన సరిహద్దుకు సమీపముననే ఆమె కాళ్ళు ఆగినవి.

ఆ సరిహద్దునకు ఆవల గ్రానైటును కప్పియున్నది బసాల్టు అను నల్లరాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, పశ్చిమ భారతమున భూమి నెర్రెలు విచ్చి, కరిగిన శిల వెల్లువలై పొంగెను. అగ్నిపర్వతమనగనే శిఖరమునుండి మంటలు చిమ్ము కొండ మనకు స్ఫురించును. ఇది అట్టిది కాదు. మైళ్ళ పొడవున చీలిన నేలనుండి పాలు పొంగినట్లు పొంగి పరచుకొన్నది. ఒక వెల్లువ చల్లారిన పిమ్మట దానిపై మరియొకటి వచ్చెను. ఇట్లు పొరమీద పొరగా పేరిన రాతికి దక్కను ట్రాపులని పేరు. ట్రాప్ అను మాట మెట్లను తెలుపు స్వీడిష్ పదమునుండి వచ్చినది. నేటికిని ఈ రాయి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలియున్నది. పడమటి కనుమలలో దీని మందము కిలోమీటరును మించును. మన వైపునకు వచ్చుసరికి పలుచబడును. ఈ రాయి చివికినదే నల్లరేగడి.

ఈ వెల్లువ తెలంగాణముతో ఆగినదని తలపరాదు. గోదావరి తీరమున రాజమహేంద్రవరమునకు చేరువనున్న కాటేరులోను, ఆవలి ఒడ్డున పంగిడి ప్రాంతమునను ఇట్టి రాయియే కలదు. ప్రాచీన నదీలోయలను పట్టుకొని ఆ ద్రవము సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి సముద్రతీరమును చేరినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

రెండవ దినము శంకర్‌పల్లిలో రైలెక్కి వికారాబాదులో దిగితిమి. 1874లో సికిందరాబాదునుండి వాడివరకు వేసిన దారియే ఇది. అచ్చటినుండి అనంతగిరికి నడచితిమి. కొండ కోసిన చోట రాయి ఉల్లిపాయవలె పొరలుగా విడుచుండుట పిల్లలు చూచిరి. పైకి పోగా నలుపు పోయి ఎరుపు వచ్చినది. బసాల్టే ఎండకు వానకు యుగములపాటు మాగి, ఇనుపపాలు మిగిలి, లేటరైటు అను ఎర్రరాయిగా మారినది.

అనంతపద్మనాభస్వామి ఆలయము చేరువ చెట్టునీడను కూర్చుండి సద్దిమూట విప్పుచుండగా మా అమ్మాయి అడిగినది: "నాన్నా, అంత నిప్పు పారినప్పుడు ఇక్కడ ఎవరు బ్రతికి ఉంటారు?"

ఈ ప్రశ్నకు సమాధానము ఆ ప్రాంతముననే దొరికినది. ఒక వెల్లువకును మరియొక వెల్లువకును నడుమ వేలకొలది యేండ్ల విరామములుండెను. ఆ విరామములలో నల్లరాతిపై వాన కురిసి మడుగులు నిలిచినవి. వాటిలో చేపలు, కప్పలు పుట్టినవి. మరల నిప్పు వచ్చి ఆ మడుగుల బురదను కప్పివేసినది. వికారాబాదు ప్రాంతమందలి నస్కల్ గ్రామమువద్ద అట్టి బురదపొర యొకటి బయటపడినది. ఆ మట్టిని జల్లించి కడుగగా నువ్వుగింజలవంటి దంతములు దొరికినవి. అవి చుంచెలుకంతటి పాలిచ్చు జంతువు పండ్లు. క్రెటేషియస్ యుగమునాటి క్షీరదము భారతదేశమున లభించుట అదియే ప్రథమము. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అను శాస్త్రజ్ఞులు 1988లో దానికి డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరిడిరి. స్టీఫెన్ హిస్లాప్ నాగపురమున పాఠశాల నడపిన క్రైస్తవ బోధకుడు. నాగపుర ప్రాంతమునను, రాజమహేంద్రవరమునను ట్రాపుల నడుమ దొరికిన గుల్లలను 1860లో వర్ణించెను. 1863లో వాగు దాటుచు మునిగి మరణించెను.

భారీ దేహముగల రాక్షసిబల్లులు నశించినవి. చుంచెలుకవంటి అల్పప్రాణుల వంశములు నిలిచినవి. ఈ మాట చెప్పగా మా అమ్మాయి చాలసేపు అరచేతిలోని నల్లరాతిని చూచుచు కూర్చున్నది.

ఈ కొండకు మరియొక ఋణము కూడ మనము పడియున్నాము. మూసీనది పుట్టిల్లు ఈ అనంతగిరియే. ఈ రాతి పగుళ్ళలో ఇంకిన వాననీరు ఊటలై వాగులకు చేరును. 1908 సెప్టెంబరులో ఆ మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. అటుపై 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును నిర్మించి వరదను అరికట్టి, నగరమునకు త్రాగునీరు కల్పించిరి. ఆ జలాశయములను కాపాడుటకై 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు 84 గ్రామములలో కట్టడములపై నిబంధనలు విధించెను. 2022లో 69వ ఉత్తర్వు వాటిని సడలించెను. లాభనష్టములను గూర్చి పెద్దలు వాదించుచునే యున్నారు. నేను చెప్పగలిగినది ఒక్కటే. అడుగు మందము రేగడి ఏర్పడుటకు అనేక తరములు చాలవు. దానిపై కాంక్రీటు పరచుటకు ఒక దినము చాలును.

తిరుగుప్రయాణమున మా అమ్మ కొంగుచివర ఏదో ముడివేసికొన్నది. ఏమని అడిగితిని. "మన పెరట్లది ఎర్రమట్టి కదా, తులసికోటలో కలుపుదామని" అన్నది. గుప్పెడు నల్లమన్ను! ఆరుకోట్ల యేండ్లకు పూర్వము చల్లారిన నిప్పు నేడు మా యింట తులసి వేళ్ళకు తడి నిలుపుచున్నది. శ్రోతలును ఒక సెలవుదినమున పిల్లలతో చేవెళ్ళ దారిని నడచి, నేల రంగు ఎచ్చట మారునో స్వయముగా కనిపెట్టుదురుగాక.