క్లార్క్ పంపిన టెలిగ్రామ్

ఆస్ట్రేలియాలో శరణు కోరి, వీసా దక్కక కోర్టుకెక్కినవాళ్ల తీర్పులు తిరగేస్తే వాటిలో పేర్లు కనిపించవు. ‘ప్లెయింటిఫ్ ఎస్157’ లాంటి అక్షరాలు, అంకెలే ఉంటాయి. పారిపోయి వచ్చినవాడి పేరు బయటికి పొక్కితే ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి దాన్ని ప్రచురించవద్దని చట్టమే చెబుతుంది. పేరైనా చెప్పుకోలేని మనిషి ఒక ప్రభుత్వాన్ని బోనెక్కించగలిగాడంటే, ఆ బలం ఎక్కడినుంచి వచ్చింది? 1898 దాకా వెనక్కి వెళ్లాలి.

అప్పటికింకా ఆస్ట్రేలియా ఒకే దేశం కాదు. విడివిడి బ్రిటిష్ వలసల ప్రతినిధులు మెల్‌బోర్న్‌లో కూర్చుని ఉమ్మడి రాజ్యాంగం రాసుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వ అధికారి మీద రిట్ కావాలంటే నేరుగా హైకోర్టుకే వెళ్లవచ్చని ముసాయిదాలో ఒక చిన్న వాక్యం ఉంది. అక్కడ దేశం మొత్తానికీ పై కోర్టు హైకోర్టే. ఆ వాక్యం అనవసరమని ప్రతినిధులు కొట్టేశారు.

ఆ సంగతి తెలిసి కలవరపడినవాడు టాస్మానియాకు చెందిన ఆండ్రూ ఇంగ్లిస్ క్లార్క్. ఆ సభలో ఆయన ప్రతినిధి కూడా కాదు. అమెరికా రాజ్యాంగాన్ని ప్రాణంగా చదివినవాడు కాబట్టి 1803 నాటి మార్బరీ కేసు ఆయన మనసులో మెదిలింది. విలియం మార్బరీ నియామక పత్రం మీద సంతకం అయింది గానీ పత్రం చేతికి రాలేదు. ఇప్పించమని నేరుగా సుప్రీంకోర్టుకు వెళితే, హక్కు నీదే, కానీ ఇలా నేరుగా వచ్చినవాళ్లకు ఆ రిట్ ఇచ్చే అధికారం రాజ్యాంగం మాకివ్వలేదు అంది కోర్టు. అదే చిక్కు మనకూ వస్తుందని క్లార్క్ ఎడ్మండ్ బార్టన్‌కు టెలిగ్రామ్ కొట్టాడు. తర్వాత దేశానికి తొలి ప్రధాని అయిన ఈ బార్టన్, ఆ కేసు ఇక్కడ మాలో ఎవరం చదవలేదు, చదివినా మరిచిపోయి ఉంటాం అని నిజాయితీగా జవాబు రాశాడు. మార్చిలో ఆ వాక్యాన్ని తిరిగి చేర్పించాడు కూడా. అదే 75వ సెక్షన్ ఐదో క్లాజు. మనవాళ్లు మన రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేసినట్టు, అక్కడ దీని కింద వేస్తారు.

వందేళ్ల తర్వాత దాని విలువ తెలిసొచ్చింది. శరణార్థుల కేసుల్లో కోర్టుల జోక్యాన్ని తగ్గించాలని ప్రభుత్వం 1990లలో పదే పదే ప్రయత్నించింది. 2001 ఆగస్టులో, సముద్రంలో చిక్కుకున్న నాలుగు వందల మందికి పైగా జనాన్ని నార్వే ఓడ టాంపా కాపాడింది. వాళ్లలో ఎక్కువమంది అఫ్ఘాన్లు. ఆ ఓడను రానివ్వబోమని ప్రభుత్వం పట్టుబట్టింది. ఎన్నికల వేడిలో, సెప్టెంబర్‌లో, అంతవరకు సెనేట్‌లో ఆగిపోయిన ప్రతిపాదన చట్టమైంది. వీసా నిర్ణయమే తుది మాట. దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదు, ఏ రిట్టూ పనిచేయదు అంటుంది 474వ సెక్షన్. పైగా హైకోర్టుకు వెళ్లడానికి 35 రోజుల గడువు.

ఈ సెక్షన్‌ను ఎదిరించి హైకోర్టుకెక్కిన ఎస్157 ఫిర్యాదు చాలా మామూలుది. తనకు వ్యతిరేకంగా ఉన్న సమాచారాన్ని తనకు తెలియజేయకుండా, నీ జవాబేమిటని అడగకుండా, వీసా నిరాకరణను సమీక్షించే ట్రిబ్యునల్ దాన్ని లెక్కలోకి తీసుకుందన్నాడు. పల్లెలో పెద్దమనుషుల తగువులో కూడా రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పరు.

2003 ఫిబ్రవరి 4న హైకోర్టు తీర్పు ఇచ్చింది. 474ను కొట్టేయలేదు. దాన్ని నింపాదిగా చదివి, ‘ఈ చట్టం కింద తీసుకున్న నిర్ణయం’ అనే మాట దగ్గర ఆగింది. అధికార పరిధి దాటి, న్యాయంగా విచారించకుండా తీసుకున్నది ఈ చట్టం కింద తీసుకున్న నిర్ణయం ఎలా అవుతుంది? కానప్పుడు 474 రక్షణ దానికి అందదు, 35 రోజుల గడువూ వర్తించదు. రాజ్యాంగంలో ఉన్న అధికారాన్ని మామూలు చట్టంతో పార్లమెంటు తీసేయలేదు. క్లార్క్ వాక్యం తిరిగి చేరకపోయి ఉంటే ఆ న్యాయమూర్తులకు నిలబడే నేల దొరికేది కాదని నా గట్టి నమ్మకం.

ఆ తీర్పు వల్ల అందరికీ వీసాలు రాలేదు. కోర్టు వీసా ఇవ్వదు, నీ భయం నిజమా కాదా తేల్చదు. విచారణ సరిగా జరిగిందా అన్నదే చూస్తుంది. జరగకపోతే మళ్లీ వినమని వెనక్కి పంపుతుంది. ఓడ దిగిపోయిన ఒక ఇరాన్ నావికుడి కేసులో 2006లో వచ్చిన తీర్పు అలాంటిదే. మతం మారాను, అది మా కెప్టెన్‌కు తెలిసింది అన్నాడతను. అతని కథలో కొన్ని సంగతులు నమ్మదగ్గవి కావని ట్రిబ్యునల్ తేల్చింది. వాటి మీద సందేహం ఉందని విచారణలో అతనికి మాటమాత్రంగానైనా చెప్పలేదు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది.

మరోసారి బిగించిన గడువును హైకోర్టు 2007లో కొట్టేసింది. ఇప్పుడీ కేసులు ఎక్కువగా కింది ఫెడరల్ కోర్టులోనే మొదలవుతాయి. అక్కడా గడువు 35 రోజులే, కాకపోతే న్యాయం కోసం దాన్ని పెంచే అధికారం జడ్జికి ఉంది. పరాయి భాషలో వచ్చిన నిరాకరణ ఉత్తర్వు చదివించుకుని, లాయర్‌ను వెతుక్కుని, ట్రిబ్యునల్ ఎక్కడ తప్పు చేసిందో చట్టం భాషలో రాసి దాఖలు చేయాల్సింది ఆ 35 రోజుల్లోపే.