హైదరాబాద్ ఆఫ్ స్పిన్: ఒక బౌలింగ్ వరస చరిత్ర

షోలాపూర్ శివారు కుంభారిలో గోదూతాయి పరుళేకర్ కాలనీ మొదలుకొని కొత్త రాయ్‌నగర్ దాకా తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలస వచ్చిన పద్మశాలీల సంతతివారు, బీడీ కార్మికులు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. క్రికెట్ మాటకొస్తే షోలాపూర్‌ను మహారాష్ట్ర ఖాతాలో వేయడమే అలవాటు. కానీ ఈ ఊరిని హైదరాబాద్‌తో ముడివేసే టెస్టు ఒకటుంది.

1955 నవంబరులో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో జరిగింది ఆ టెస్టు. నగరంలో అదే మొదటిది. 1926లో షోలాపూర్‌లో పుట్టిన పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు కొట్టిన తొలి ద్విశతకం అది. ఆనాటి జట్టు సారథి హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్.

హైదరాబాద్ ఆఫ్ స్పిన్‌కు ఒక వరస ఉందంటే దాని మొదట నిలబడేది ఈయనే. మంచి పొడగరి. చెయ్యి బాగా పైకెత్తి బంతిని గాల్లో ఊరించి వదిలేవాడు. 1950-51లో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశాడు. 245 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. వికెట్ల లెక్క మాత్రమే చూసేవారికి ఇది మామూలు ప్రదర్శన. 555 బంతులను ఒక మనిషి భుజం మోసిందని గమనిస్తే మాత్రం, ఈ శైలికి ప్రాణం తిప్పడంలో కంటే ఓర్పులోనే ఉందనిపిస్తుంది. ఒక చివరను పట్టుకుని, బ్యాటరు తొందరపడేదాకా తాను తొందరపడకపోవడమే ఆ పనితనం.

ఓర్పు ఉన్నచోట పదును ఉండదనుకోకూడదు. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియాను 177కే కట్టడి చేసినప్పుడు ఆయన 49 పరుగులకు 7 వికెట్లు పడగొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో మరో 3 తీశాడు. అయినా భారత్ ఓడింది. మొత్తం 22 టెస్టుల్లో 68 వికెట్లు తీసి 1958-59లో టెస్టులు ముగించాడు.

ఆ తర్వాత రెండు దశాబ్దాలు దేశపు ఆఫ్ స్పిన్ కన్నడ, తమిళ సీమలదైంది. మైసూరు ప్రసన్న, మద్రాసు వెంకటరాఘవన్ ఉండగా హైదరాబాద్ కుర్రాడికి చోటెక్కడిది? తలుపు తెరుచుకున్నది 1979లో. బెంగళూరులో ఆస్ట్రేలియాపై ఆడిన తొలి టెస్టులోనే శివలాల్ యాదవ్ 7 వికెట్లు తీశాడు. ఆ సిరీస్‌లో 24 తీశాడు. చివరికి 35 టెస్టుల్లో 102 దగ్గర ఆగాడు. 1987లో అర్షద్ అయూబ్ వచ్చాడు. మరుసటి ఏడాది న్యూజిలాండ్‌పై మూడు టెస్టుల్లో 21 వికెట్లు తీశాడు. అదే ఏడాది ఢాకాలో ఆసియా కప్‌లో పాకిస్థాన్‌పై 21 పరుగులకు 5 వికెట్లు సాధించాడు. హైదరాబాద్ రెండోసారి రంజీ ట్రోఫీ గెలిచిన 1986-87 కూడా ఈ కాలానిదే. మొదటి గెలుపు 1937-38లో.

ఉమ్రీగర్‌ను బ్యాటరుగానే తలచుకోవడం అలవాటైంది గానీ, ఆయన కూడా ఆఫ్ బ్రేక్‌లు వేసినవాడే. 1962లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 107 పరుగులిచ్చి 5 వికెట్లు తీసి, 56, 172 నాటౌట్ కొట్టాడు. షోలాపూర్ గడ్డ కూడా ఈ విద్యకు పరాయిది కాదనడానికి ఆ ఒక్క టెస్టు చాలు.

ఈ వరసకు రావలసినంత సన్మానం రాలేదు. టెస్టు టోపీ దక్కినవారి పేర్లే లెక్కలోకి వస్తాయి. కన్వల్‌జీత్ సింగ్‌కు అది ఎప్పటికీ దక్కలేదు. 1999-2000లో ముంబయితో రంజీ ఫైనల్ దాకా వెళ్లిన హైదరాబాద్ జట్టులో, నలభై దాటిన వయసులో, అతడు ఇంకా ఆఫ్ స్పిన్ వేస్తూనే ఉన్నాడు.