పది బ్లాకుల మీద రాసిన పేరు

ఈథీరియం బ్లాక్‌చెయిన్ గొలుసులో 19,20,000వ బ్లాకు తెరిచి చూడండి. మైనర్లు తమకు తోచింది రాసుకోవడానికి వదిలిన జాగాలో ‘డావో-హార్డ్-ఫోర్క్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఆ ఒక్కదాంట్లోనే కాదు, వరసగా పది బ్లాకుల్లో. గొలుసు రెండుగా విడిపోయిన చోట గుర్తు పెట్టుకుని మరీ విడిపోయారు మహానుభావులు! అది అలంకారం కూడా కాదు. చీలికకు ఒప్పుకున్న సాఫ్ట్‌వేర్ ఆ పదింట్లో ఆ మాట లేని బ్లాకును తోసేస్తుంది, ఒప్పుకోనిది ఆ మాట ఉన్నదాన్ని తోసేస్తుంది.

కథ 2016 మేలో మొదలు. ‘ద డావో’ అనే ఉమ్మడి నిధిలో జనం సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథీరియం నాణేలు, అంటే ఈథర్, పోశారు. దాని కోడ్‌లో ఒక లొసుగుంది: ముందు సొమ్ము పంపి, ఆ తర్వాత ఖాతాలో తగ్గించేది. జూన్ 17న ఎవరో ఆ సందులో దూరి, లెక్క తగ్గేలోపే మళ్లీ మళ్లీ అడిగి 36 లక్షల ఈథర్ లాగేశారు. అయితే నిధి నిబంధనల వల్ల ఆ సొమ్ము కొన్ని వారాలపాటు కదలదు. ఆ గడువంతా వాదులాటే. కోడే చట్టమన్నాక, అది ఇచ్చిన సొమ్మును దొంగసొత్తు అని ఎలా అంటారని ఒక వర్గం. కళ్లెదుట దోచుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా అని ఇంకో వర్గం. సొమ్మును స్తంభింపజేద్దామని ముందు ఒక చిన్న మార్పు తయారుచేశారు. దానివల్ల నెట్‌వర్క్ మీద దాడికి దారి దొరుకుతుందని తేలి, జూన్ చివర్లో మూలన పడేశారు. ఇక సొమ్ము వెనక్కి ఇప్పించేలా గొలుసునే చీల్చాలా అని ఈథర్ ఉన్నవాళ్లతో ఓటింగ్ పెడితే 87 శాతం అనుకూలం. పాల్గొన్న ఈథర్ మాత్రం మొత్తంలో పదో వంతు కూడా లేదు. దీన్ని జనామోదం అనడానికి నాకు నోరు రాదు. జూలై 20న చీల్చేశారు.

చీలికకు ఒప్పుకోనివాళ్ల పాత గొలుసు దానంతటదే పోతుందనుకున్నారు. నాలుగు రోజులకే పోలోనియెక్స్ ఎక్స్ఛేంజి దాన్ని ఈథీరియం క్లాసిక్ పేరుతో వ్యాపారంలోకి తెచ్చింది. అన్నదమ్ముల పంపకాల్లో పదెకరాలు ఐదైదు అవుతాయి. ఇక్కడ పది ఈథర్ ఉన్నవాడికి ఇటు పది, అటు పది! కాకపోతే ఒక గొలుసులో పంపిన లావాదేవీ రెండోదాంట్లోనూ చెల్లిపోయి కొంప ముంచేది. నవంబరులో ఈథీరియంలో, ఆ తర్వాత క్లాసిక్‌లో లావాదేవీకి గొలుసు నంబరు జోడించే వీలు కల్పించారు: ఈథీరియంకి 1, క్లాసిక్‌కి 61.

అంతకు మూడేళ్ల ముందు, 2013 మార్చిలో, బిట్‌కాయినూ చీలింది, అనుకోకుండా. సాఫ్ట్‌వేర్ 0.8 వెర్షన్‌కి చెల్లిన బ్లాకు 0.7కి చెల్లలేదు. అప్పుడు బ్లాకు తవ్విన మైనరుకు 25 బిట్‌కాయిన్లు. పెద్ద మైనింగ్ పూల్ నడిపేవాళ్లు తవ్వుకున్నది వదులుకుని పాత వెర్షన్‌కి దిగారు, గంటల్లో గొలుసు ఒకటైంది. విడిగా ఉన్న ముక్కకు అప్పట్లో బజారులో ధర లేదు మరి. క్లాసిక్‌కి ధర పలికాక, నష్టపోయి కలిసుండే ఓపిక ఎవరికీ మిగల్లేదని నా ఫిర్యాదు.

2017 ఆగస్టు 1న బ్లాకు సైజు తగాదాతో బిట్‌కాయిన్ క్యాష్ వేరుపడింది. 2018లో అదీ రెండు ముక్కలైంది, 2020లో మళ్లీ. పెద్దవాటిలో వెనక్కి తగ్గింది, బిట్‌కాయిన్ బ్లాకు సైజు రెట్టింపు చేద్దామన్న సెగ్విట్2ఎక్స్ వాళ్లే. చీలికకు వారం ముందు, 2017 నవంబరు 8న, తగినంత ఏకాభిప్రాయం లేదంటూ ఆపేశారు. అప్పటికే ఆ పుట్టని నాణెం మీద బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజిలో బేరాలు సాగుతున్నాయి.