మూత్రపిండములో నీటితిత్తి

కొందరు రోగులకు నడుము ప్రక్కన తీవ్రమైన పోటు వచ్చి, పిమ్మట మూత్రముతో ద్రాక్షపండు తొక్కలవంటి తెల్లని పొరలు వెలువడును. ఆ పొరలను గుర్తుపట్టగల వైద్యునకు వేరు నిదర్శనము అక్కరలేదు. మూత్రపిండములోని హైడేటిడ్ తిత్తి పగిలి మూత్రమార్గములోనికి తెరచుకొన్నదని అర్థము. కాని ఇట్టి రోగులు కొలదిమందియే. తక్కినవారిలో తిత్తి ఏండ్ల తరబడి బాధ తెలియనీయక పెరుగుచుండును.

నీటితిత్తులను ప్రాచీనులును ఎరుగుదురు. నీరు నిండిన కాలేయము పగులుటను గూర్చి హిపోక్రటీసు వ్రాసెను. గాలెను వధింపబడిన జంతువులలో తిత్తులను చూచెను. ఇవి ఒక ప్రాణికి సంబంధించినవని 17వ శతాబ్దపు చివరి భాగమునగాని ఎవరికిని తోచలేదు. 1852లో సీబోల్డు అను జర్మను శాస్త్రజ్ఞుడు గొర్రెల తిత్తులను కుక్కలకు తినిపించగా, వాటి ప్రేగులలో చిన్న బద్దెపురుగులు పెరిగినవి. 1863లో నౌనిన్ మనుష్యుని తిత్తితోనే అట్టి ప్రయోగము చేసి చూపెను.

ఆ పురుగు పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. దాని గ్రుడ్లు కుక్క మలముతో పచ్చికపై, కూరగాయలపై పడి గొర్రె కడుపులోనికో మనిషి కడుపులోనికో చేరును. పిండము ప్రేగుగోడను దాటి రక్తములో ప్రవేశించును. దానికి మొదటి జల్లెడ కాలేయము, రెండవది ఊపిరితిత్తులు. ఆ రెంటిని తప్పించుకొన్నవే మూత్రపిండమును చేరగలవు. కనుకనే నూరు మంది హైడేటిడ్ రోగులలో ఇద్దరు ముగ్గురికి మాత్రమే మూత్రపిండములో తిత్తి కనబడును.

ఆనాడు ఈ వ్యాధి మిక్కిలిగా పీడించిన దేశము ఐస్‌లాండు. 1863లో అచటికి వెళ్లిన క్రాబె అను డేనిష్ శాస్త్రజ్ఞుడు 100 కుక్కలను కోసి చూడగా 28 కుక్కలలో ఈ పురుగు కనబడెను. మరుసటి ఏడు ఆయన చిన్న పుస్తకము వ్రాయగా, దానిని ఇంటింటికి ఉచితముగా పంచిరి. 1869లో కుక్కలపై చట్టము వచ్చెను. చదువునందు ఆసక్తిగల జనులగుటచే పుస్తకము వృథా కాలేదు. తరువాతి తరములలో వ్యాధి క్రమముగా తగ్గి, తుదకు ఆ దీవిని విడిచిపోయెను.

చికిత్స కథ ఇంత సుఖమైనది కాదు. తిత్తిలో సూది గ్రుచ్చి నీరు తీయుట పూర్వము వాడుకలో నుండెను. ఊటనీటివలె తేటయైన ద్రవము వచ్చును, వాపు తగ్గును. కాని కొందరికి వెంటనే ఒడలెల్ల దద్దుర్లు లేచి, ఊపిరాడక ప్రాణము పోయెడిది. బ్రతికినవారిలో కొందరికి కొన్ని ఏండ్లకు కడుపంతయు తిత్తులే. 1901లో ఫ్రాన్సు దేశీయుడు డెవె దీని కారణమును విశదపరచెను. ద్రవములోని సూక్ష్మ శిరస్సులలో ప్రతి ఒక్కటియు పడినచోట క్రొత్త తిత్తిగా పెరుగగలదు. నాటినుండి హైడేటిడ్ అను అనుమానమున్నచో సూది ముట్టరాదను నియమము ఏర్పడెను.

సూది లేక మూత్రపిండములోని గడ్డను పోల్చుట ఎట్లు? 1906లో గెదీని రక్తపరీక్షను, 1911లో కసోని చర్మపరీక్షను ప్రవేశపెట్టిరి. రెండును పూర్తిగా నమ్మదగినవి కావు. తిత్తి ఉన్నను ఫలితము లేదనియే రావచ్చును. తిత్తి గోడలో సున్నము పేరుకొన్నపుడు ఎక్స్‌రేలో గ్రుడ్డు పెంకువలె కనబడును, లేనిచో తెలియదు. కాన్సరని తలచి మూత్రపిండమునే తీసివేసిన సందర్భములు కలవు. నిలుపుకొనదగిన అవయవము పోవుటకంటె రోగికి వేరు నష్టమేమి కలదు!

అల్ట్రాసౌండు వచ్చిన పిమ్మట పెద్ద తిత్తిలోని పిల్ల తిత్తులు తెరపై కనబడసాగెను. 1981లో ట్యునీషియాకు చెందిన గర్బీ మొదలైనవారు వీనిని ఐదు తరగతులుగా విభజించిరి. అదే దశాబ్దములో ఆల్బెండజోల్ మందు వాడుకలోనికి వచ్చెను. ఈ రెంటి అండతో, నిషేధింపబడిన సూది కాలేయపు తిత్తులకు తిరిగి వచ్చెను! మూత్రపిండమునకు మాత్రము నేటికిని శస్త్రచికిత్సయే ప్రధానము. ఆల్బెండజోల్ ఇచ్చి, చుట్టును గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరచి, ఒక్క చుక్క ఒలకనీయక తిత్తిని తొలగింతురు. మూత్రపిండము పూర్తిగా చెడినపుడే దానిని తీసివేయుదురు.

ఆంధ్రదేశములోను గొర్రెలు, కుక్కలు కలిసి తిరుగు ప్రాంతములలో ఈ వ్యాధి కలదు. మాంసము కోయుచోట నీటితిత్తులున్న కాలేయమును పనికిరాదని కుక్కకు విసరివేయుట చూచుచునేయుందుము. సుమారు ఏడు వారములలో ఆ కుక్క గ్రుడ్లు విడువసాగును.