లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు: 2014–15 సంవత్సరము

లెస్టర్ సిటీ యను ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బు 2014 ఆగస్టు మొదలు 2015 మే వఱకు జరిగిన ప్రీమియర్ లీగు పోటీలలో 140 దినములు పట్టికయందు అట్టడుగున నుండియు, చివరి 9 ఆటలలో 7 ఆటలు గెలిచి, 14వ స్థానమున నిలిచి, దిగువ శ్రేణికి జారిపోకుండ తన్ను తాను కాపాడుకొనెను. ఆ నగరపు అభిమానులు ఈ ఘట్టమును ‘గ్రేట్ ఎస్కేప్’ అని వ్యవహరింతురు. మరుసటి యేట ఇదే క్లబ్బు లీగు విజేత యగుటచే ఆ మహావిజయపు కాంతిలో ఈ పోరాటము కొంత మఱుగుపడినది. కాని క్రీడాచరిత్రను శ్రద్ధగా పరిశీలించువారికి రెండవదాని కంటె మొదటిదియే ఎక్కువ బోధప్రదముగా కానవచ్చును.

లీగు కట్టుబాట్లు

ప్రీమియర్ లీగునందు 20 క్లబ్బులు కలవు. ప్రతి క్లబ్బును తక్కిన 19 క్లబ్బులతో తన మైదానమున నొకమాఱు, వారి మైదానమున నొకమాఱు తలపడును గనుక, ఒక్కొక్క దానికి 38 ఆటలు వచ్చును. గెలుపునకు 3 పాయింట్లు, డ్రాకు 1 పాయింటు లభించును. సంవత్సరాంతమున పట్టిక చివర నిలిచిన 3 క్లబ్బులు చాంపియన్‌షిప్ అను దిగువ శ్రేణికి పోవలయును. అచ్చటినుండి 3 క్లబ్బులు పైకి వచ్చును. ఈ దిగిపోవుటనే ‘రెలిగేషన్’ అందురు. మన దేశపు ఐ.పి.ఎల్. క్రికెట్‌నందు అట్టడుగున నిలిచిన జట్టు మరుసటి యేడు మరల అదే పోటీలో ఆడును. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అట్టి క్షమ లేదు. మెట్టు దిగిన క్లబ్బునకు టెలివిజను ప్రసార హక్కుల రాబడి మిక్కిలి తగ్గును. ఆ నష్టమును కొంత తీర్చుటకు లీగువారు కొన్నేండ్లు ‘పారాచూట్’ చెల్లింపులు చేసినను, పేరుపడిన ఆటగాండ్రను అమ్ముకొనుటయు, సిబ్బందిని తగ్గించుకొనుటయు తఱచుగా తప్పనిసరి యగును. అందుచేతనే పట్టిక పైభాగమున బిరుదు కొఱకు జరుగు పోటీ కంటె క్రిందిభాగమున ప్రాణరక్షణకై జరుగు పోటీ ఒక్కొక్కప్పుడు తీవ్రతరముగా నుండును.

నగరము, క్లబ్బు

మధ్య ఇంగ్లండునందలి లెస్టర్ నగరము అల్లిక బట్టలకును, పాదరక్షలకును ప్రసిద్ధి కెక్కిన పాత పారిశ్రామిక నగరము. 1972లో ఉగాండానుండి ఆ దేశపాలకుడు ఇదీ అమీన్ వెడలగొట్టిన భారతీయ సంతతివారిలో అనేకులు, ముఖ్యముగా గుజరాతీలు, ఇచ్చట స్థిరపడుటచే నేడది ఇంగ్లండులో భారతీయులు అధికముగా నివసించు నగరములలో నొకటి. ఇచ్చటి క్లబ్బు 1884లో లెస్టర్ ఫాస్ అను పేర వెలసి, 1919లో లెస్టర్ సిటీ యయ్యెను. ఫిల్బర్ట్ వీథిలోని పాత మైదానమున 1891 మొదలు 2002 వఱకు ఆడి, పిమ్మట సుమారు 32,000 మంది కూర్చుండదగిన క్రొత్త స్టేడియమునకు మాఱెను. 2004లో ఉన్నతశ్రేణినుండి జాఱి, 2008లో మూడవ శ్రేణికి సైతము పడిపోయిన యీ క్లబ్బును మరుసటి యేడే పైకి దెచ్చినవాడు నైజెల్ పియర్సన్ అను మేనేజరు. ఆయన కొంతకాలము వేఱొక క్లబ్బునకు వెళ్లి, 2011లో తిరిగి వచ్చెను. అప్పటికి క్లబ్బు థాయిలాండునకు చెందిన కింగ్ పవర్ సంస్థాధిపతి విచాయి శ్రీవద్ధనప్రభ యధీనమున నుండెను. 2013–14లో జట్టు 102 పాయింట్లతో చాంపియన్‌షిప్ విజేతయై, పదేండ్ల యెడబాటు తరువాత ప్రీమియర్ లీగునందు పునఃప్రవేశము చేసెను.

జట్టు కూర్పు

ఈ జట్టునందు లోకప్రసిద్ధులు అరుదు. ముందువరుసలో ఆడిన జేమీ వార్డీ కొన్నేండ్ల క్రితము వైద్యోపయోగకరములైన ఊతకట్టులను తయారుచేయు కర్మాగారమున పని చేయుచు చిన్న క్లబ్బులలో ఆడినవాడు. 2012లో లీగు వెలుపలి ఫ్లీట్‌వుడ్ టౌన్ నుండి ఇచ్చటికి వచ్చెను. అల్జీరియా దేశీయుడగు రియాద్ మహ్రెజ్ 2014 జనవరిలో ఫ్రాన్సుదేశపు రెండవ శ్రేణినుండి వచ్చెను. జమైకా తరఫున ఆడిన వెస్ మోర్గన్ నాయకుడు. డెన్మార్కు దేశీయుడగు కాస్పర్ ష్మైకెల్ గోల్ కీపరు. ఈ సామాన్యుల నడుమ అసామాన్యుడొక్కడు, ఇటలీలో ఇంటర్ మిలాన్ పక్షమున ఐరోపా చాంపియన్స్ లీగును గెలిచిన అర్జెంటీనా మిడ్‌ఫీల్డరు ఎస్తెబాన్ కాంబియాసో, తన 34వ యేట 2014 ఆగస్టులో వచ్చి చేరెను. ఆ యేటి క్లబ్బు ఉత్తమ ఆటగాడుగ ఎన్నికైనవాడు ఇతడే.

ఆరంభము, పతనము

ఆరంభము శుభముగనే యుండెను. మొదటి 5 ఆటలలో జట్టు 8 పాయింట్లు సంపాదించెను. సెప్టెంబరు 21వ తేదీన మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన ఆటలో 1–3తో వెనుకబడియుండి, రెండవ సగమున వరుసగా 4 గోల్స్ చేసి 5–3తో గెలుచుట ఆ శరత్కాలపు పెద్ద సంచలనము. ఆ గెలుపు తరువాత ఇక వెనుదిరిగి చూడ బనిలేదని నగరవాసులు తలంచిరి. కాని విధి వేఱొక దారి పట్టెను. పిమ్మటి 13 ఆటలలో ఒక్కటియు గెలువలేక, అందు లభింపదగిన 39 పాయింట్లలో 2 మాత్రమే పొందెను. ఆ నడుమనే నవంబరు 29న క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 2–3తో ఓడిన దినమున జట్టు పట్టిక యడుగునకు చేరెను. డిసెంబరులో ష్మైకెల్ పాదపు ఎముక విరిగి ఆటకు దూరమయ్యెను. క్రిస్మస్ నాటికి 17 ఆటలలో 10 పాయింట్లు. 1992లో ప్రీమియర్ లీగు ఏర్పడినది మొదలు అప్పటివఱకు, క్రిస్మస్ నాడు అట్టడుగున నుండియు దిగిపోక నిలిచిన క్లబ్బులు 2004–05లో వెస్ట్ బ్రామ్విచ్ ఆల్బియన్, 2013–14లో సండర్లాండ్, ఈ రెండే.

డిసెంబరు 28న హల్ నగరమున మహ్రెజ్ చేసిన ఒకే గోలుతో గెలిచినను, జనవరి 10న ఆస్టన్ విల్లాను ఓడించినను, ఆ తరువాత మరల 8 ఆటలు గెలుపు లేకుండ గడిచెను. ఫిబ్రవరి మొదటివారమున క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆడుచుండగా మైదానపు టంచున ప్రత్యర్థి ఆటగాడొకనితో పియర్సన్ పెనుగులాడుట పెద్ద వివాదమయ్యెను. ఆయనను తొలగించినారను వార్తలు పుట్టగా క్లబ్బువారు వానిని ఖండించిరి. మార్చి 21న లండనులో టాటన్‌హామ్ చేతిలో 3–4తో ఓడునప్పటికి 29 ఆటలు ముగిసెను, గెలుపులు 4, డ్రాలు 7, ఓటములు 18, పాయింట్లు 19. సురక్షిత స్థానమునకు 7 పాయింట్ల దూరము. మిగిలినవి 9 ఆటలు. జట్టు దిగిపోవుట నిశ్చయమని వార్తాపత్రికలలో విస్తారముగ వ్రాసిరి.

ఆ 18 ఓటములను విడివిడిగా చూచినచో పట్టిక చెప్పని సంగతి యొకటి బయటపడును. వానిలో 10 ఒక్క గోలు తేడాతో వచ్చినవి. తక్కిన 8 రెండు గోల్స్ తేడాతో వచ్చినవి. అంతకు మించిన పరాజయము ఆ సంవత్సరము మొత్తమున లేదు. అడుగున పడిన జట్లు సాధారణముగ నాలుగైదు గోల్స్ తేడాతో కుప్పకూలుచుండుట వాడుక. ఈ జట్టు పలుమాఱు ఓడిపోయెను గాని ఏ వారమును చెదరిపోలేదు. ఓడిపోవుటకును చెదరిపోవుటకును గల భేదమును గ్రహింపనివారికి తరువాత జరిగినది అద్భుతముగ తోచును. గ్రహించినవారికి అది ఆలస్యముగ దక్కిన ఫలముగ కనబడును.

ఉద్ధరణము

మార్పునకు బాహ్యకారణములును కలవు. ఫిబ్రవరిలో స్టోక్ సిటీనుండి తాత్కాలికముగ వచ్చిన దృఢకాయుడగు జర్మన్ డిఫెండరు రాబర్ట్ హుత్, మోర్గన్, పోలండు దేశీయుడగు వసిలెవ్స్కీ, ఈ మువ్వురను వెనుకవరుసలో నిలిపి, ఇరుప్రక్కల ఆల్బ్రైటన్, ష్లప్ లను పరుగులకు విడుచు వ్యూహమును పియర్సన్ అవలంబించెను. మార్చిలో ష్మైకెల్ కోలుకొని తిరిగి వచ్చెను. ఏప్రిల్ 4న వెస్ట్ హామ్‌తో జరిగిన ఆట 1–1గా ముగియునని అందఱును అనుకొనుచుండగా 86వ నిముషమున ఆండీ కింగ్ గోలు చేసి గెలిపించెను. ఏప్రిల్ 11న వెస్ట్ బ్రామ్విచ్ మైదానమున జట్టు 80వ నిముషము వఱకు 1–2తో వెనుకబడి యుండెను. హుత్ గోలు చేసి సమము చేయగా, ఇంజురీ టైమునందు వార్డీ మైదానపు నడిమినుండి బంతిని తరుముకొని పోయి 3–2 చేసెను. ఏప్రిల్ 18న స్వాన్సీ సిటీని 2–0తో గెలిచి, 140 దినముల తరువాత పట్టిక యడుగునుండి పైకి లేచెను.

ఏప్రిల్ 25న బర్న్లీ మైదానమున జరిగిన ఆట ఈ కథకంతకు నడిబొడ్డు వంటిది. ఇరుజట్లును అడుగుభాగముననే యున్నవి. ఎవరు ఓడిన వారి మెడకు ఉరి బిగియును. రెండవ సగమున బర్న్లీకి పెనాల్టీ దొరకెను. మ్యాట్ టేలర్ కొట్టిన బంతి ష్మైకెల్‌ను దాటిపోయినది గాని గోలు కంబమునకు తగిలి వెలుపలికి పోయెను. స్వస్థలపు ప్రేక్షకులు తలలు పట్టుకొనిన ఆ క్షణమింకను పూర్తిగా గడువక ముందే, ఒక్క నిముషమైనను నిండక ముందే, బంతి మైదానపు రెండవ చివరకు చేరెను. గోలు ముంగిట వార్డీ దానిని లోనికి నెట్టెను. ఆట 1–0తో ముగిసెను. ఆ కంబము రెండంగుళములు అటుగా నుండినచో రెండు నగరముల భవిష్యత్తు వేఱుగ నుండెడిది. బర్న్లీ ఆ యేట దిగిపోయెను.

ఏప్రిల్ 29న ఆ సంవత్సరపు విజేత యగు చెల్సీ చేతిలో 1–3తో ఓడుట తుది 9 ఆటలలో ఏకైక పరాజయము. మే 2న న్యూకాసిల్‌ను 3–0తోను, మే 9న మహ్రెజ్ చేసిన రెండు గోల్స్‌తో సౌతాంప్టన్‌ను 2–0తోను గెలిచి, మే 16న సండర్లాండ్‌లో గోల్స్ లేని డ్రా చేసికొనుటతో క్లబ్బునకు రక్షణ ఖాయమయ్యెను. మే 24న, చివరి దినమున, తమ్ము నవంబరులో అడుగునకు త్రోసిన క్వీన్స్ పార్క్ రేంజర్స్‌నే 5–1తో ఓడించి లెస్టర్ ఋణము తీర్చుకొనెను. ఏప్రిల్ నెలకు లీగు ఉత్తమ మేనేజరుగ పియర్సన్ ఎంపికయ్యెను.

ఫలితము

మొత్తము 38 ఆటలలో గెలుపులు 11, డ్రాలు 8, ఓటములు 19, చేసిన గోల్స్ 46, ఇచ్చినవి 55, పాయింట్లు 41. వీనిలో 22 పాయింట్లు తుది 9 ఆటలలో వచ్చినవే. మొదటి 29 ఆటలలో 27 గోల్స్ చేసి 48 ఇచ్చిన జట్టు, తరువాతి 9 ఆటలలో 19 చేసి 7 మాత్రమే ఇచ్చెను. 35 పాయింట్లతో హల్ సిటీ, 33తో బర్న్లీ, 30తో క్వీన్స్ పార్క్ రేంజర్స్ దిగువ శ్రేణికి పోయెను. లీగు ఆటలలో 11 గోల్స్‌తో అర్జెంటీనా దేశీయుడగు లెయొనార్దో ఉయోవా జట్టులో ప్రథముడు. వార్డీ చేసినవి 5.

రక్షించిన మేనేజరు మాత్రము నిలువలేదు. క్లబ్బు యాజమాన్యమునకును ఆయనకును దృక్పథభేదములు కలవని ప్రకటించి, 2015 జూన్ 30న ఆయనను తొలగించిరి. ఆయన స్థానమున ఇటలీ దేశీయుడగు క్లౌడియో రానియేరీ వచ్చెను. వార్డీ, మహ్రెజ్, మోర్గన్, హుత్, ష్మైకెల్, ఆల్బ్రైటన్ మొదలగు పూర్వపు ఆటగాండ్రే ప్రధానముగ నున్న జట్టు, కాంటే వంటి కొందఱు క్రొత్తవారి తోడ్పాటుతో, 2015–16లో 81 పాయింట్లు సాధించి, రెండవ స్థానమున నిలిచిన ఆర్సెనల్ కంటె 10 పాయింట్లు అధికముగ పొంది, తన చరిత్రలో మొదటిసారిగ ఇంగ్లండు లీగు విజేత యయ్యెను.

విచారణ

అదృష్టమునకు ఈ కథలో చోటు లేదనుట సత్యదూరము. బర్న్లీలోని గోలు కంబము, తుది ఆటలలో చెల్సీ తప్ప లీగు పైవరుస జట్టేదియు ఎదురుగా లేకుండుట, ఇవి లెస్టర్‌కు కలిసి వచ్చినవి. కాని 18 ఓటముల తరువాతను ఒకరినొకరు నిందించుకొనక, ఆటతీరును చక్కదిద్దుకొనుచు, వివాదముల నడుమను మేనేజరును మార్చక ఓర్చుకొనిన క్లబ్బునకే అట్టి అదృష్టమును వాడుకొను శక్తి యుండును. ఎనిమిదేండ్ల పిమ్మట, 2022–23లో, ఇదే క్లబ్బు అంతకంటె విలువైన ఆటగాండ్రతో, నాటి 46 గోల్స్‌ను మించి 51 గోల్స్ చేసియు, ఏప్రిల్‌లో మేనేజరును మార్చియు, 34 పాయింట్లతో 18వ స్థానమున నిలిచి దిగువ శ్రేణికి పోయెను.