మెక్వారీ సీళ్లు: వాత నుంచి ఉపగ్రహం దాకా

టాస్మానియాకు దక్షిణాన 1,500 కిలోమీటర్ల దూరంలో, చెట్టన్నదే లేని సన్నటి దీవి మెక్వారీ. 1810లో దీన్ని కనుగొన్నది సీళ్ల వేటగాళ్లే. కొద్ది ఏళ్లలోనే బొచ్చు సీళ్లను తుడిచిపెట్టి, ఆపైన నూనె కోసం ఏనుగు సీళ్ల మీద పడ్డారు. అవి ఏ నెలలో ఒడ్డెక్కుతాయో తెలిస్తే వాళ్లకు చాలు. మిగతా కాలం ఎక్కడుంటాయో ఎవరికి కావాలి?

1933లో దీవి అభయారణ్యమైంది, 1948లో ఆస్ట్రేలియా అక్కడ శాశ్వత పరిశోధన కేంద్రం పెట్టింది. 1950లలో పిల్ల సీళ్లకు, పశువులకు వేసినట్టే, కాల్చిన ఇనుముతో అంకెల వాతలు వేశారు. ఏది ఎన్నేళ్లు బతికింది, ఎప్పుడు ఈనిందన్నవి అలా తెలిశాయి. అయితే ఏనుగు సీల్ జతకట్టి ఈనడానికీ, బొచ్చు రాల్చడానికీ తప్ప నేల మీదికి పెద్దగా రాదు. ఇంతలో మరో చిక్కు: వేట లేకపోయినా 1985 నాటికి వాటి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. కారణం సముద్రంలోనే ఉండాలి. వాత చూస్తే అక్కడి సంగతేమీ చెప్పదు.

చెప్పగల పరికరానికి బీజం వేరేచోట పడింది. 1960లలో అంటార్కిటికాలో శాస్త్రవేత్త జెరాల్డ్ కూయ్‌మన్ వంటింటి టైమర్‌తో, సీల్ ఎంత లోతుకు మునిగిందో నమోదుచేసే పరికరం తయారుచేశాడు. దాని ఎలక్ట్రానిక్ వారసులు మెక్వారీ సీళ్ల బొచ్చుకు అంటించాక ఒక సీల్ ఏకబిగిన రెండు గంటలు నీటి అడుగున గడిపిందని తేలింది. అంతకన్నా నాకు ముచ్చటగా అనిపించేది స్థానం కనుక్కున్న తీరు. సీల్ తిరిగొచ్చాక, అది ఈదిన లోతుల్లోని నీటి ఉష్ణోగ్రతలను సముద్ర పటాలతో పోల్చి, ఎక్కడ మేసిందో ఊహించారు, 1991లో ప్రచురించారు. వెలుతురు హెచ్చుతగ్గుల నుంచి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు తీసి అక్షాంశ రేఖాంశాలు కట్టే పద్ధతీ వచ్చింది. ఇంత తెలివి చేతికొచ్చాక కూడా 1993లో మళ్లీ వాతలు మొదలెట్టారు! జనాభా లెక్కకు అవి పనికొచ్చే మాట నిజమే. నిరసనలు రేగాక 2000లో ప్రభుత్వం ఆపించింది.

పరికరాల సంకేతాలను అందుకునే ఆర్గోస్ ఉపగ్రహాలతో, సీల్ తిరిగొచ్చేదాకా ఎదురుచూసే అవసరం పోయింది. అది ఊపిరికి పైకి తేలే రెండు మూడు నిమిషాల్లోనే నెత్తి మీది యాంటెనా సమాచారం పంపేస్తుంది. 2003 తర్వాత స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ పరికరాలు నీటి ఉప్పదనాన్నీ కొలవసాగాయి. ఓడలు చొరలేని శీతకాలపు మంచు కింద ఏనుగు సీళ్లు కొలతలు తీశాయి. వాటి సాయంతో అంటార్కిటికాలోని కేప్ డార్న్లీ దగ్గర అతిచల్లటి, బరువైన అడుగు నీరు పుడుతోందని 2013లో నిర్ధారించారు. అక్కడే మన దేశపు భారతి పరిశోధన కేంద్రం ఉన్న ప్రిడ్జ్ బే తీరంలో కరుగుతున్న మంచు పలకల మంచినీరు అలాంటి బరువు నీరు పుట్టకుండా అడ్డుపడుతోందని 2016లో తేలింది. ఆ సమాచారమూ ఏనుగు సీళ్లు మోసుకొచ్చిందే. బొచ్చు రాలినప్పుడు పరికరమూ ఊడిపోతుంది కనుక ఏటా కొత్త సీళ్లకు కొత్తవి అంటించాల్సిందే.