హాక్స్‌మూర్ (నవల)

హాక్స్‌మూర్ బ్రిటిష్ రచయిత పీటర్ అక్రాయిడ్ (జననం 1949) రచించిన ఆంగ్ల నవల. ఇది 1985లో ప్రచురితమైంది. అక్రాయిడ్ నవలలలో ఇది మూడవది. లండన్ చర్చిల వద్ద జరిగే వరుస హత్యలు, హంతకుని కోసం సాగే అన్వేషణ ఇందులోని ఇతివృత్తం. కథ 18వ శతాబ్దపు తొలినాళ్ళలోను, 20వ శతాబ్దంలోను సమాంతరంగా నడుస్తుంది.

నేపథ్యం

లండన్ నగరంలోను, పరిసరాలలోను 50 కొత్త చర్చిలు నిర్మించడానికి 1711లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. వాటిలో సుమారు పన్నెండు మాత్రమే పూర్తయ్యాయి. అందులో ఆరు చర్చిలకు రూపకల్పన చేసినవాడు నికొలస్ హాక్స్‌మూర్. ఇతడు సెయింట్ పాల్స్ కెథెడ్రల్ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్‌కు శిష్యుడు. ఇతడు 1736లో మరణించాడు. ఈ చర్చిల మధ్య ఏదో నిగూఢ సంబంధం ఉన్నదన్న ఊహతో ఇయన్ సింక్లెయిర్ 1975లో "లడ్ హీట్" అనే రచన వెలువరించాడు. చర్చిల వింత లక్షణాలవైపు మొదట తన దృష్టిని మళ్ళించినది ఆ రచనేనని అక్రాయిడ్ పేర్కొన్నాడు.

కథ

నవలలో చర్చిల వాస్తుశిల్పి పేరు నికొలస్ డయ్యర్. 1665 నాటి ప్లేగులో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న డయ్యర్, మిరాబిలిస్ అనేవాడి రహస్య శాఖలో చేరి క్షుద్రవిద్యలు నేర్చుకొంటాడు. పెద్దవాడై రెన్ వద్ద పనిచేస్తూ, ప్రతి చర్చికీ ఒక నరబలి ఉండాలని నమ్ముతాడు. స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి శిఖరం మీదనుండి తాపీమేస్త్రీ కొడుకు పడి చనిపోవడంతో ఈ మరణాల పరంపర మొదలవుతుంది.

20వ శతాబ్దంలో అవే చర్చిల వద్ద మళ్ళీ శవాలు కనిపిస్తాయి. గొంతు నులిమిన హంతకుని వేలిముద్రలు దొరకవు. దర్యాప్తు చేసే పోలీసు అధికారి పేరు నికొలస్ హాక్స్‌మూర్. ఆధారాలను ఎంత క్రమంగా పేర్చినా అతనికి హంతకుడు చిక్కడు. చివరకు అతనిని ఆ కేసునుండి తప్పిస్తారు. డయ్యర్, హాక్స్‌మూర్ ఇద్దరి కథలూ లిటిల్ సెయింట్ హ్యూ అనే చర్చిలో ముగుస్తాయి.

నిర్మాణం, శైలి

నవలలో 12 అధ్యాయాలు ఉన్నాయి. డయ్యర్ తన కథను 18వ శతాబ్దపు ఆంగ్లంలో, ఆనాటి వర్ణక్రమంతో తానే చెబుతాడు. తరువాతి కాలపు కథ నేటి ఆంగ్లంలో ప్రథమ పురుషలో సాగుతుంది. ఒక అధ్యాయం చివరి మాటలు తరువాతి అధ్యాయం మొదట్లో ప్రతిధ్వనిస్తాయి. పేర్లు కూడా పునరావృతమౌతాయి: డయ్యర్ సహాయకుడు వాల్టర్ పైన్ కాగా, హాక్స్‌మూర్ సహాయకుడు వాల్టర్ పేన్.

సాధారణంగా అపరాధ పరిశోధన నవలలో కారణం ముందు, ఫలితం తరువాత ఉంటాయి. పరిశోధకుడు ఫలితం నుండి వెనక్కి నడిచి కారణాన్ని పట్టుకొంటాడు. ఈ నవలలో కాలం వలయంలా తిరుగుతుంది కనుక ఆ పద్ధతి పనిచేయదు. రెన్ హేతువాదానికి, డయ్యర్ నమ్మకాలకు మధ్య జరిగే వాదాలలోనూ ఇదే ప్రశ్న వినిపిస్తుంది: లోకంలోని చీకటినంతా తర్కంతో కొలవగలమా?

చరిత్ర, కల్పన

అసలు వాస్తుశిల్పి పేరును రచయిత పరిశోధకునికి పెట్టి, అతని కట్టడాలను డయ్యర్ అనే కల్పిత పాత్రకు అంటగట్టాడు. ఇందువలన చారిత్రక హాక్స్‌మూర్‌ను క్షుద్రోపాసకునిగా పొరబడే అవకాశం ఉంది. అందుకు చారిత్రక ఆధారాలు లేవు. ఈ చరిత్ర తన కల్పనేనని అక్రాయిడ్ నవల చివర స్పష్టం చేశాడు. నవలలోని ఏడు చర్చిలలో లిటిల్ సెయింట్ హ్యూ కల్పితం. మిగిలిన ఆరూ నేటికీ లండన్‌లో ఉన్నాయి.

పురస్కారాలు

ఈ నవలకు 1985లో విట్‌బ్రెడ్ నవలా పురస్కారం, గార్డియన్ కాల్పనిక సాహిత్య బహుమతి లభించాయి.